సభలో మాటలాడుట ఎట్లు?

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన వక్తృత్వపు పోటీలో పదకొండుగురు విద్యార్థులు పాల్గొనిరి. ఒక్కొక్కరికి 5 నిమిషముల వ్యవధి. న్యాయనిర్ణేతలలో నేనొకడను. పదకొండుగురిలో తొమ్మండుగురు ఒకే తీరున ప్రారంభించిరి: "గౌరవనీయులైన అధ్యక్షులవారికి, వేదిక నలంకరించిన పెద్దలకు, పూజ్యులైన ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా హృదయపూర్వక నమస్కారములు." ఈ నమస్కారములు ముగియునప్పటికి కొందరికి అర నిమిషము గడచిపోయినది. పిమ్మట కంఠస్థము చేసిన వ్యాసమును ఊపిరి తీసికొనక అప్పగించిరి. నడుమ నొక మాట మరచిన బాలుడు మరల మొదటినుండి అందుకొనెను. మరల అచ్చటనే ఆగెను. గంట మ్రోగువరకు మొదటి పుట దాటలేదు. ఏడ్పు మొగముతో వేదిక దిగిన ఆ బాలుని తప్పేమియు లేదు. వ్రాసి యిచ్చినది మేము. బట్టీపట్టుమన్నది మేము. కావున ఈ వ్యాసము విద్యార్థుల కెంత వర్తించునో మా ఉపాధ్యాయులకును అంత వర్తించును.

మిగిలిన ఇద్దరిలో ఒక బాలికను గూర్చి ముందు చెప్పెదను.

అసలు సభలో మాటలాడుట ఎందులకు నేర్వవలెను? బహుమతికై యనుట చాలదు. మన స్థితి నొకసారి తలచి చూడుడు. మన యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమున నొక భాగము. రాజధానికి మనకు 800 కిలోమీటర్లకు పైబడిన దూరము. పుదుచ్చేరి, కారైకాలు తమిళ సీమలు. మాహె మలయాళ సీమ. తెలుగు మాటలాడు భాగము మనదొక్కటే. అచ్చటి శాసనసభకు ఎన్నికయగు 30 మందిలో యానాము నుండి పోవువారు ఒక్కరు మాత్రమే. సంఖ్యలో మనము కొద్దివారము. కొద్దివారికి మాటలాడు అవకాశము వచ్చుట అరుదు. వచ్చినను అది కొన్ని నిమిషముల ముచ్చట. ఆ నిమిషములను నమస్కారములతో వెళ్లబుచ్చినవానికి మరల పిలుపు వచ్చువరకు ఎన్ని సంవత్సరములు పట్టునో చెప్పలేము.

ఇది నేను పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక పాఠశాలలో పనిచేయుచుండగా, దూరమునుండి ఒక ఉన్నతాధికారి చూడవచ్చిరి. ఆ యేడు ఆ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు లేడు. ఆ సంగతి మనవి చేయుటకై ప్రధానోపాధ్యాయులు నన్ను నియోగించిరి; నాకు 10 నిమిషములు ఇచ్చిరి. నేను వారము దినములు కష్టపడి ఉపన్యాసము వ్రాసితిని. ఫ్రెంచివారి రాకతో మొదలుపెట్టితిని. 1954 జూను 13వ తేదీన యానాము విముక్తి నొందిన ఘట్టమును వర్ణించితిని. 1962 ఆగస్టు 16వ తేదీన న్యాయసమ్మతమైన విలీనము జరుగుట వరకు వచ్చునప్పటికి ఆ అధికారి చేతి గడియారము వంక చూచిరి. వారి కారు కదలవలసిన వేళ యైనది. "మీ ఊరి చరిత్ర చాల బాగున్నది" అని మెచ్చుకొని లేచి వెళ్లిరి. లెక్కల ఉపాధ్యాయుని విన్నపము నా చొక్కా జేబులోనే ఉండిపోయినది. ఆ యేడు పదవ తరగతి పిల్లలు పలువురు లెక్కలలో తప్పిరి. వారిలో కొందరు మరల చదువునకు రాలేదు. పడవల మీదికో, ఇటుక బట్టీలకో పోయిరి. వారిలో ఒకరిద్దరు ఇప్పటికిని త్రోవలో కనబడి "మాస్టారూ, బాగున్నారా?" అని పలుకరింతురు. వారి యెదుట నాకు ఆ కాగితము గుర్తునకు వచ్చును.

కావున మొదటి మాట ఇది. కలము పట్టక పూర్వమే ఒక ప్రశ్న వేసికొనవలెను: సభనుండి లేచి యింటికి పోవునపుడు వినినవాడు ఏమి పట్టుకొని పోవలెను? ఆ సమాధానమును ఒక్క వాక్యములో, ఇంటిలో మాటలాడుకొను భాషలో వ్రాయుడు. నాడు నేను వ్రాయవలసిన వాక్యము "మా బడికి ఈ నెలలో లెక్కల మాస్టారిని పంపండి" అనునది. అది నాలుగైదు క్షణముల మాట. దానిని ముందే చెప్పియుండినచో మిగిలిన కాలములో యానాము చరిత్ర ఎంత చెప్పినను నష్టము లేకుండెడిది.

ఆ వాక్యము కుదిరినదో లేదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. వంట చేయుచున్న మీ అమ్మతో దానిని చెప్పి చూడుడు. "అయితే ఏం చేయమంటావు?" అని గాని, "ఎందుకని?" అని గాని ఆమె అడిగినచో వాక్యము కుదిరినది, ఆమె అడిగిన ప్రశ్నకు సమాధానమే మీ ఉపన్యాసము. "ఏమోరా, నాకు తెలియలేదు" అని ఆమె మరల పోపు వైపు తిరిగినచో, విషయము మీకును ఇంకను తెలియలేదని గ్రహింపవలెను.

ఇప్పుడు ఆ బాలిక సంగతి. ఆమె ఎన్నుకొన్న విషయము "తుపానులు – మన కర్తవ్యము". మొదట వ్రాసి తెచ్చిన ప్రతిలో వాయుగుండమనగా నేమి, అది సముద్రముపై ఎట్లు ఏర్పడును, ఏ యే ప్రమాద సూచికలు ఎగురవేయుదురు అను విషయములు వరుసగా ఉండెను. అన్నియు నిజములే, అన్నియు పాఠ్యపుస్తకములోనివే. "1996లో మీ ఇంటిలో ఎవరుండిరమ్మా?" అని అడిగితిని. "నాయనమ్మ ఉండేదండి" అనెను. "అయితే ఆమెను అడిగి రమ్ము" అంటిని.

పోటీనాడు ఆ బాలిక లేచి ఇట్లు ప్రారంభించెను: "1996 నవంబరు 6 రాత్రి మా నాయనమ్మ కొబ్బరిచెట్టును పట్టుకొని నిలబడింది. మా నాన్న ఆమె నడుం పట్టుకున్నాడు. అప్పుడు నాన్నకు ఎనిమిదేళ్లు." సభలో అప్పటివరకు గుసగుసలాడుచున్న తల్లులు కూడ ఊరకుండిరి. ఆ రాత్రి తుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటినది. కోస్తాలో వెయ్యిమందికి పైగా మరణించిరి. ఆ సంఖ్యను ఆమె ఒక్కసారి మాత్రమే చెప్పెను. ఇల్లు విడిచి పొమ్మని పగలే చెప్పినను, కట్టిన గేదెను, ఆరవేసిన వలను విడువలేక తమవారు చీకటి పడువరకు ఉండిపోయిరనియు, చీకటిలో త్రోవ తెలియలేదనియు చెప్పెను. "హెచ్చరిక వచ్చిన రోజే, వెలుతురుండగానే బయలుదేరండి. గేదెను విప్పి వదలండి" అని ముగించెను. నాలుగు నిమిషములు కూడ పట్టలేదు. రెండవ బహుమతి వచ్చినది. నా మార్కులు మొదటి బహుమతికే; అయితే ఆమె వేదికపైనున్న పెద్దలకు పేరుపేరున నమస్కరింపలేదని తక్కిన న్యాయనిర్ణేతలు కొన్ని మార్కులు తగ్గించిరి. పెద్దలతో వాదించుట నాకు చేతకాదు.

ఆమె చేసిన పనిలో గొప్ప రహస్యమేదియు లేదు. తనకు మాత్రమే తెలిసిన దానిని తెచ్చి, వినువారికి పనికివచ్చునట్లు చెప్పినది. గ్రంథాలయములో లభించునది అందరికిని లభించును. మీ ఇంటిలోని వృద్ధులకు, మీ వీధిలోని పడవవానికి, దర్జీకి తెలిసినది మీరు పోయి అడిగిననే లభించును. విషయ సేకరణమునకు ఈ రెండు త్రోవలును కావలెను. రెండవ త్రోవను మనము మరచితిమి.

ఇక భాష. చదువు వ్యాసము వేరు, విను ఉపన్యాసము వేరు. చదువువాడు అర్థము కానిచో వెనుక పుట త్రిప్పును. వినువానికి వెనుక పుట లేదు. మన తెలుగులో ఇంకొక చిక్కు కలదు: క్రియ వాక్యము చివరనే వచ్చును. వాక్యము పొడవైన కొలది, జరిగినదో జరుగలేదో, కావలెనో వలదో తెలియక వినువాడు చివరి మాటకై ఎదురుచూచుచుండవలెను. ఈ వాక్యము చూడుడు: "మన గ్రామమున వర్షాకాలమునందు మురుగుకాలువలు పొంగి వీధులలోనికి నీరు వచ్చి దోమలు పెరిగి జ్వరములు వ్యాపించుటచే విద్యార్థులు పాఠశాలకు రాలేక చదువునందు వెనుకబడుచున్నారు." కాగితముపై దోషము లేదు. సభలో మాత్రము దీనిని విరువవలెను: "వానాకాలంలో మన కాలువ పొంగుతుంది. నీరు వీధిలోకి వస్తుంది. దోమలు పెరుగుతాయి. పోయిన భాద్రపదంలో మా తరగతిలో తొమ్మిదిమంది జ్వరంతో బడికి రాలేదు." ఒక్కొక్క క్రియ దగ్గర వినువానికి ఒక మెట్టు దొరకును. సంఖ్యలును అట్లే; ఒక ఉపన్యాసములో ఒకటి రెండు సంఖ్యలే చెవిలో నిలుచును.

ఈ గ్రాంథికములో వ్యాసము వ్రాయుచు మిమ్ము వాడుక భాషలో మాటలాడుడని చెప్పుట వింతగా తోపవచ్చును. నాకు ఈ చాలు అలవాటైనది. ఈ వయస్సున మానలేను. కాని సభలో నేనును ఇట్లు మాటలాడను. వాడుక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొనుడు. సవరల భాష నేర్చుటకై వారు కొండలలో తిరిగి, మలేరియా పాలై, క్వినైను వాడకముచే చెవుడు తెచ్చుకొనిరి. తమ మాట తమకే సరిగా వినబడని ఆ పెద్దమనిషి 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో 4 గంటలసేపు మాటలాడి సభ్యులను ఒప్పించిరి. ఒప్పించిన విధము గమనింపదగినది. తమ అభిప్రాయమును బిగ్గరగా చెప్పుటతో సరిపెట్టక, గ్రంథములలోని ప్రయోగములనే ఎత్తి చూపిరి. ఎదుటివాడు దేనిని ప్రమాణముగ నెంచునో దానినుండియే సాక్ష్యము తెచ్చినచో, అతడు మనతో కాదు, తనతోనే వాదింపవలసి వచ్చును. మీరు పంచాయతీ కాలువను గూర్చి అధికారితో మాటలాడునపుడు, ఆ కార్యాలయము వారు వ్రాసిన ఉత్తరమునే చేతబట్టుకొని పొండు.

కంఠస్థము చేయవలెనా, కాగితము చూచి చదువవలెనా అని పిల్లలు తరచుగ అడుగుదురు. రెండును వలదు. చదివినచో తల వంగును. సభకు మీ పాపిట కనబడును గాని కన్నులు కనబడవు. బట్టీపట్టినచో ఒక మాట జారగానే గొలుసంతయు తెగును. ఈ విషయమున మన అవధానులనుండి నేర్వదగినది కలదు. తిరుపతి వేంకట కవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిగారు బాల్యమున మన యానాములో పెరిగినవారు. శతావధానములో నూరుగురు పృచ్ఛకులు అడిగిన పద్యములను పాదము పాదముగ చెప్పుచు, కడపట అన్నియు వరుసగ అప్పగింపవలెను. దానిని ధారణ యందురు. ఎవడు ఎచ్చట కూర్చుండెను, ఏమడిగెను అను క్రమము మనస్సులో నిలువనిదే పద్యము నిలువదు. మనకు నూరు పద్యములు అక్కరలేదు, నాలుగు మెట్లు చాలును. ఆ బాలిక ఉపన్యాసమునకు మెట్లు ఇవి: చెట్టు, గేదె, చీకటి, వెలుతురు. ఈ నాలుగు మాటలు వ్రాసిన అరచేతి చీటి ఆమె చేతిలో ఉండినది. ఒక్కసారి కూడ చూడలేదు. మొదటి రెండు వాక్యములు, చివరి వాక్యము మాత్రము మాట పొల్లుపోకుండ నోటికి వచ్చియుండవలెను. నడుమ సంగతిని ప్రతి పర్యాయము క్రొత్త మాటలలో చెప్పినను తప్పులేదు.

శాస్త్రిగారిని గూర్చి మరియొక మాట. వారు చిన్నతనమున యానాములోని వేంకటేశ్వరస్వామిపై శతకము చెప్పగా, పండితులు వ్యాకరణ దోషములు పట్టి ఆక్షేపించిరి. వారు అలిగి కూర్చుండక వ్యాకరణము చదువ పూనుకొనిరి. పోటీలో ఓడిన పిల్లల తలిదండ్రులకు నేను ఈ కథ చెప్పుచుందును. పిల్లలకు చెప్ప నక్కరలేదు. వారు మరునాటికే మరతురు.

భయమును గూర్చి. కాళ్లు వణకుట, నోరు ఎండుట లేనివారు మిక్కిలి అరుదు. గాంధీగారు ఇంగ్లండులో చదువుకొనునాడు వెంట్నరు అను ఊరిలో శాకాహారుల సభకు ఉపన్యాసము వ్రాసికొని పోయిరి. అది ఒక్క కాగితమునకు మించలేదు. చదువుటకు లేవగానే కన్నులు మసకలు క్రమ్మి, ఒడలు వణకి చదువలేకపోయిరి. తోడి భారతీయుడు దానిని చదివి పెట్టవలసి వచ్చెను. ఈ సంగతి వారే తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. మాటలాడుటకు జంకుట వలన తమకు మాటల పొదుపు అలవడినదని కూడ వ్రాసిరి. కావున భయము పోవువరకు ఆగనక్కరలేదు. లేచి నిలుచుండి, రెండు కాళ్లపైనను సమానముగ బరువు మోపి, ఒక ఊపిరి నిండుగ తీసి విడిచి, పిమ్మట మొదటి వాక్యమును మీ అలవాటు కన్న మెల్లగ చెప్పుడు. మరచిపోయినచో ఊరకుండుడు. చీటి చూచుకొనుడు. మీకు యుగముగ తోచు ఆ మూడు క్షణములు సభకు ఆలోచన వలె కనబడును. "క్షమించండి, మరచిపోయాను" అని మీరు చాటినచో తప్ప వారికి తెలియదు.

అభ్యాసము మాత్రము నోటితో చేయవలెను, మనస్సులో కాదు. మనస్సులో చెప్పుకొన్న ఉపన్యాసమున అందరును మహావక్తలే. మొదట ఒంటరిగ, తరువాత ఒక స్నేహితుని యెదుట, కడపట గౌతమి గట్టుపై సాయంకాలము గాలికి ఎదురుగ నిలిచి చెప్పుడు. ఇరువది అడుగుల దూరమున నిలిచినవానికి కడపటి మాట కూడ వినబడవలెను. మన పిల్లలలో చాలమందికి వాక్యము చివర గొంతు దిగిపోవును. మన క్రియ ఉండునది అచ్చటనే గదా! ఇంటిలో సెల్లుఫోను ఉన్నచో మీ మాటను అందులో పట్టి వినుడు. మొదటిసారి వినినపుడు నాకు నా గొంతు మీదనే కోపము వచ్చినది. గడియారము పెట్టి చూడగా మన పిల్లలు నిదానముగ మాటలాడినచో నిమిషమునకు 80 నుండి 100 మాటలు చెప్పుచున్నారు. అనగా 5 నిమిషములకు 450 మాటలు, నోటుపుస్తకములో సుమారు మూడు పుటలు. ఏడు పుటలు వ్రాసి తెచ్చినవానికి రెండే త్రోవలు: పరుగెత్తుటయో, నడుమ తెగుటయో.

మైకు నోటికి జానెడు దూరమున ఉండవలెను. దానిని తట్టుట, ఊదుట అనవసరము. పటములు, తెరపై బొమ్మలు చూపువారు కరెంటు పోయినను చెప్పగలుగునట్లు సిద్ధపడవలెను. చేతులను గూర్చి నేనేమియు చెప్పను. చెప్పినకొలది అవి బిగుసుకొనును.

యానాము విడిచి పోవు పెద్ద విద్యార్థులకు ప్రత్యేకముగ ఒక సంగతి. పుదుచ్చేరిలో మీ మాటను మరియొకరు తమిళములోనికి మార్చి చెప్పవలసి రావచ్చును. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరమునకు వచ్చి ఇంగ్లీషులో ఉపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు సభలో తెలుగున చెప్పిరి. చిలకమర్తివారికి చిన్ననాటినుండి చూపు తక్కువ. చీకటి పడిన సభలో వ్రాసికొని చూచి చెప్పుట వారివంటివారికి సాధ్యమగు పని కాదు. వినినదానిని మనస్సున నిలుపుకొని చెప్పవలసినదే. అట్టి సమర్థుడు మీకు దొరకునని నమ్ముకొనవలదు. రెండు మూడు వాక్యములు చెప్పి ఆగుడు. అతడు ముగించిన పిమ్మట అందుకొనుడు. సామెతలు, శ్లేషలు విడిచిపెట్టుడు. అవి కాలువ దాటవు. వీలైనచో సభకు ముందే అతనితో కూర్చుండి మీ ఒక్క వాక్యమును అతనికి తెలియజెప్పుడు. ఉపన్యాసములో ఏమి పోయినను ఆ వాక్యము మాత్రము అవతలి గట్టునకు చేరవలెను.

కడపట ప్రశ్నలు వచ్చును. ప్రశ్నను పూర్తిగ విని, వెనుక వరుసవారికి వినబడునట్లు మరల చెప్పి, పిమ్మట సమాధానము చెప్పుడు. తెలియనిచో "తెలియదండీ, కనుక్కొని చెబుతాను" అనుడు. కనుగొని నిజముగ పోయి చెప్పుడు. పెద్దలు దీనిని మరువరు.

ఈ సంవత్సరపు పోటీకి కొన్ని మార్పులు చేయుచున్నాను. ఉపాధ్యాయులు ఉపన్యాసము వ్రాసి యియ్యరాదు. నమస్కారము ఒక్క వాక్యములో ముగియవలెను. పేరుపేరున చేయనందుకు మార్కులు తగ్గింపబడవు. ప్రతి వక్తను సభలోనివారు ఒక ప్రశ్న అడుగుదురు. దానికి 10 మార్కులు. గత సంవత్సరము మొదటి పుట దాటలేకపోయిన బాలుడు ఇప్పటికే పేరిచ్చినాడు. విషయము వాని తండ్రి చేయు పడవ మరమ్మతు. ప్రతి శనివారము బడి విడిచిన పిమ్మట వసారాలో అభ్యాసము జరుగును. చీటి తెచ్చుకొనవచ్చును, అరచేతికి మించిన చీటిని గుమ్మము దగ్గరనే నేను తీసికొందును.